కత్తిరిస్తే ఒత్తుగా పెరుగుతుంది

మా బావ ఇరవై రెండేళ్ళుగా జుట్టు కత్తిరిస్తున్నాడు. చేతిలో కత్తెర పడిందంటే ఆయనకి అయినవాళ్ళూ కానివాళ్ళూ అని ఉండదు. ఆర్నెల్లు ముద్దుగా పెంచుకున్న ఉంగరాల జుట్లు, “పైపైన కొంచెమే అన్నా, నీకు పుణ్యముంటుంది” అని బతిమాలిన కాలేజీ పిల్లల జులపాలు, అన్నీ ఆయన కాళ్ళ దగ్గర కుప్పపడ్డవే. చంటిపిల్లలు గుక్కపట్టి ఏడుస్తుంటే ఆయన ఈల వేసుకుంటూ పని కానిస్తాడు. అలాంటి మనిషి ఒక్క ఆకు కొయ్యలేక మా అందరి ప్రాణాలూ తోడేశాడంటే ఎవరైనా నమ్ముతారా? పక్కనుండి చూడకపోతే నేనూ నమ్మేదాన్ని కాదు.

ముందు మా కొట్టు సంగతి చెప్పాలి. ఒకటే పొడుగాటి గది, మధ్యలో పరదా. వీధి వైపు సగం మగవాళ్ళకి. అక్కడ మూడు తిరుగుడు కుర్చీలు, మూడు అద్దాలు, మా బావ. పరదా వెనక సగం ఆడవాళ్ళకి. అక్కడ మా అక్క, నేను. అక్క జుట్టు పని చూస్తుంది, నేను కనుబొమలు తీరుస్తాను. దారం ఒక కొస పళ్ళతో పట్టుకుని చేసే పని కాబట్టి గంటలకొద్దీ నోరు తెరవడం కుదరదు. “మా మరదలు నోరు మూసుకుని కూర్చునే ఉద్యోగం లోకంలో ఇదొక్కటే. అందుకే వెతికి వెతికి పెట్టించాను” అని బావ వచ్చినవాళ్ళందరికీ చెప్తుంటాడు.

మొక్కని ఇచ్చింది పళ్ళ డాక్టరమ్మ. మా పై అంతస్తులో ఆవిడ క్లినిక్ ఉండేది. ఊరికి అటు చివర ఇంకో చోటు దొరికి, సామానంతా లారీ ఎక్కించాక, చేతిలో చిన్న కుండీ ఒకటి మిగిలిపోయింది. దాన్ని తెచ్చి బావ అద్దం ముందు పెట్టింది.

“దారిలో కుదుపులకి చచ్చిపోతుంది, మీరుంచుకోండి. ఎండలో పెట్టకండి. నీళ్ళు ఎక్కువ పొయ్యకండి. మరీ పెరిగితే కత్తిరించండి. కత్తిరించడం మీకు నేను నేర్పాలా!” అని నవ్వి వెళ్ళిపోయింది.

మూడంటే మూడు ఆకులున్న మనీప్లాంటు. అందులో మూడోది పసుపు పచ్చగా ఉంది.

ఆవిడ అటు వెళ్ళగానే బావ దాన్ని తీసుకెళ్ళి వీధి గుమ్మంలో, మధ్యాహ్నపు ఎండ నేరుగా కొట్టే చోట పెట్టాడు. ఇక నీళ్ళంటారా, సెలూన్లో నీళ్ళకేం కరువు? జుట్టు తడిపే సీసాతో వస్తూ పోతూ ఆయన చిమ్మేవాడు. వచ్చినవాళ్ళు తాగగా మిగిలింది అందులోనే వంచేవాళ్ళు. పది రోజుల్లో ఒక ఆకు మాడి కాగితమైంది, ఒకటి రాలిపోయింది, మిగిలిన ఒక్కటీ కుళ్ళు వాసనేస్తూ మెడ వేలాడేసింది.

“పారెయ్యండి ఆ దరిద్రాన్ని” అంది అక్క.

ఆ ఒక్క మాటతో బావకి పౌరుషం పొడుచుకొచ్చింది. “నా చేతిలోకొచ్చిన తల ఏదీ ఇంతవరకు పాడవలేదు” అన్నాడు. నా పళ్ళ మధ్య దారం ఉండబట్టి బతికిపోయాడు.

మర్నాడు పొద్దున్నే కుండీని ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కి నర్సరీకి వెళ్ళాడు. అక్కడి నర్సరీ ఆవిడ కుండీని బోర్లించి, బురదలోంచి వేళ్ళు బయటికి తీసి చూపించిందట. “ఇది దాహంతో చావట్లేదు బాబూ, మునిగి చస్తోంది. మీలాంటివాళ్ళు బతికించాలన్న తొందరలోనే చంపేస్తారు” అని కుళ్ళిన వేళ్ళు తీసేసి, కొత్త మట్టి పోసి, తిన్నగా బుద్ధి చెప్పి పంపింది. వెలుతురుండాలి గానీ ఎండ తగలకూడదు. మట్టిలోకి వేలు పోనిచ్చి చూడాలి, లోపల కూడా పొడిగా ఉంటేనే నీళ్ళు. ఆకుల మీద దుమ్ము తుడవాలి. పైకి పాకడానికి ఏదో ఒక ఆసరా చూపించాలి. “తుంచితే కారే జిగురు కొంతమందికి ఒకటే దురద పెడుతుంది, అది మాత్రం చూసుకోండి” అని కూడా చెప్పింది.

“తుంచడమా! నేనెందుకు తుంచుతాను?” అన్నాడట మా బావ.

కుండీ వచ్చి పరదా పక్కన, పాలరంగు అద్దాల కిటికీ కింద కూర్చుంది. ఆ రోజునుంచి బావ గంటకోసారి మట్టిలో వేలు పెట్టి చూడటం మొదలెట్టాడు. ఒకసారి అదే వేలితో ఒకాయన చెంపకి నురగ రాశాడు. ఆయన అద్దంలో చూసుకుని “ఇదేదో కొత్త క్రీమా?” అని అడిగాడు. “మట్టి వైద్యం సార్, చర్మానికి మంచిది” అన్నాడు మా బావ, కనురెప్ప కూడా వెయ్యకుండా.

పన్నెండో రోజు కొత్త ఆకు వచ్చింది. చీటీ చుట్టినట్టు సన్నగా చుట్టుకుని, లేత పసుపు రంగులో. అది విప్పుకునే వేళకి మా చౌరస్తా ట్రాఫిక్ పోలీసాయన కుర్చీలో ఉన్నాడు. ఆయన మాకు పాత ఖాతాదారు. పాపం, వయసు నలభై దాటలేదు గానీ నడినెత్తి మీద పల్చబడిపోయింది. “గుండు కొట్టించుకోండి సార్. కత్తిరిస్తే ఒత్తుగా పెరుగుతుంది” అని బావ నెలనెలా ఆయనకి గుండు కొడుతున్నాడు. ఆ రోజు గడ్డం గీస్తూ గీస్తూ మధ్యలో బావ మాయమైపోయాడు. ఎడమ చెంప నున్నగా, కుడి చెంప నిండా నురగతో ఆ మహానుభావుడు పావుగంట కూర్చుని, చివరికి విసుగెత్తి లేచొచ్చి చూస్తే, బావ కుండీ ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు.

“ష్... విప్పుకుంటోంది సార్.”

తిడతాడనుకున్నాను. ఆయనా పక్కనే గొంతుక్కూర్చున్నాడు, నురగ ఆరి పెచ్చులూడిపోతున్నా కదలకుండా.

అప్పట్నుంచి దాని పేరు అమ్మడు. అక్క మాత్రం “సవతి” అనేది. “ఎవరికైనా సవతి చీర కట్టుకుని వస్తుంది, నాకు కుండీలో వచ్చింది” అని పరదా వెనక ఆడవాళ్ళందరికీ చెప్పుకుని నవ్వేది. ఆ నవ్వు కొన్నాళ్ళే.

అమ్మడికి మా కొట్టు నచ్చింది. తడి గాలి, వేడి నీళ్ళ ఆవిరి, పాలరంగు వెలుతురు. ఇంకేం కావాలి? వారానికి జానెడు చొప్పున పాకింది. పాకేకొద్దీ ఆకు పెద్దదైంది. మొదట తమలపాకంత, తర్వాత అరచెయ్యంత, ఆ తర్వాత విసనకర్రంత. బావ గోడకి మేకులు కొట్టి దారాలు కట్టి దారి చూపించాడు. ఆ దారం ఎక్కడిదో నాకు రెండు నెలలకి గానీ తెలియలేదు. నా ఉండలు! కనుబొమలకని నేను తెచ్చుకున్న దారం ఉండలు ఒక్కొక్కటీ ఖాళీ అవుతుంటే నా పనే జోరుగా సాగుతోందనుకుని మురిసిపోయాను.

బావకీ అక్కకీ ఇద్దరు ఆడపిల్లలున్నారు. వాళ్ళ జడలు వెయ్యమంటే నడుం నొప్పి అంటాడు. అలాంటిది ఆదివారం ఆదివారం నిచ్చెనెక్కి, తడిబట్టతో అమ్మడి ఆకులు ఒక్కొక్కటే తుడిచి “నూట పదకొండు!” అని అక్కణ్ణుంచే కేకేసేవాడు.

ముందు మొదటి అద్దం పోయింది. చట్రం చుట్టూ అందంగా అల్లుకుంటుందని బావ అనుకున్నాడు. అది అద్దం మీదికే పాకి, కణుపు కణుపుకీ వేళ్ళు దించి గాజుని పట్టేసుకుంది. లాగుదామంటే “వేళ్ళు తెగుతాయి, నొప్పి” అన్నాడు. ఎవరికి నొప్పి అని అడిగితే ఆకు తుడవడం మొదలెట్టాడు. తర్వాత గడియారం పోయింది. టైమెంతయింది అనడిగితే ఆకుల్లో చెయ్యి పెట్టి ముళ్ళు తడిమి చెప్పేవాడు. తర్వాత ఫ్యాను రెగ్యులేటరు. తీగ దాని మెడ చుట్టూ రెండు చుట్లు చుట్టుకుంది, ఫ్యాను అయిదు మీద ఉండిపోయింది. అదీ చలికాలంలో. గడ్డానికి రాసిన నురగ చెవుల్లోకి ఎగిరిపోయేది. ఆ పైన మూడో కుర్చీకి తలాన్చే దిండుని చుట్టేసి, అక్కణ్ణుంచి రెండో కుర్చీ ఎడమ పక్కకి దిగి తెరలా వేలాడింది. ఆ కుర్చీలు ఇక తిరగవు. కుర్చీ తిరగాల్సింది పోయి, గిన్నె, బ్రష్షు పట్టుకుని మా బావే గిరగిరా తిరిగేవాడు.

“ఒక్క కొమ్మ కత్తిరించండి. ఈ ఒక్కటీ” అని అక్క ఎన్నిసార్లో అడిగింది.

“నువ్వు కన్నదాన్ని నువ్వు కోస్తావా?”

“నేను కన్నది కాదుగా!”

ఇలా ఉండగా పోస్టాఫీసు గుమాస్తా ఒకతను వచ్చాడు. ఎల్లుండే పెళ్ళి. బావ అతన్ని రెండో కుర్చీలో కూర్చోబెట్టాడు. రెండో అద్దంలో అప్పటికి అరచెయ్యంత ఖాళీ మిగిలింది. అందులో పెళ్ళికొడుక్కి తన కుడి చెవి ఒక్కటే కనిపిస్తోంది. కుడి పక్క బావ దివ్యంగా కత్తిరించాడు. ఎడమ పక్కకి వెళ్ళాలంటే అమ్మణ్ణి పక్కకి నెట్టాలి. నెట్టలేక, ఆకుల మధ్యలోంచి చెయ్యి దూర్చి, గుడ్డెద్దు చేలో పడ్డట్టు అందినంత కత్తిరించి “బ్రహ్మాండం” అన్నాడు. ఆ పిల్లాడు పాపం కుడి చెవి చూసుకుని తృప్తిపడి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున వాళ్ళమ్మ కొడుకుని రెక్క పుచ్చుకుని లాక్కొచ్చింది.

“ఏమయ్యా, నా కొడుకుని చూడు! ఇటుపక్కనుంచి చూస్తే పసిపిల్లాడు, అటుపక్కనుంచి చూస్తే దారి దోపిడీ దొంగ! రేపు ఆ పిల్ల ఏ పక్క నిలబడాలి?”

నిజమే. ఎడమ చెంప మీద జుట్టు దవడదాకా దిగి ఉంది. బావ గబగబా అతన్ని మొదటి కుర్చీలో కూలేసి, ఎడమది తగ్గించాడు. అది ఎక్కువ తగ్గింది. కుడిది తగ్గించాడు. ఇంకొంచెం ఎడమది. ఇంకొంచెం కుడిది. చివరికి రెండు చెవుల పైన రెండు వేళ్ళ మందాన తెల్లటి చర్మం తేలి, మనిషి ఎప్పుడూ ఆశ్చర్యపోతున్నట్టు తయారయ్యాడు. సమానంగా ఉంది కాబట్టి ఇంకేమనాలో తెలియక వాళ్ళమ్మ ఊపిరి పీల్చుకుని, అప్పుడు తలెత్తి చూసింది.

“ఇదేంటి, మనీప్లాంటా? ఇంతింత ఆకులా? మా ఇంట్లోది మిరపాకంత కూడా కాదే! ఒక కొమ్మ ఇయ్యి నాయనా.”

“అమ్మా, నా ప్రాణం అడగండి, ఇస్తాను.”

“నీ ప్రాణం నేనేం చేసుకోను? నీళ్ళలో పెడితే వేళ్ళొస్తాయా?”

బావ ఇవ్వలేదు. ఆవిడ గుమ్మం దిగుతూ “అయినా అడిగి తెచ్చుకున్నది కాదు, దొంగతనంగా తెచ్చిన కొమ్మే బాగా పెరుగుతుందంటారులే” అనేసి వెళ్ళింది. ఆ మాట బావ చెవిలో ముల్లులా దిగింది.

ఆ మధ్యాహ్నమే జరిగింది అసలు కథ. బావ భోజనానికి ఇంటికెళ్ళాడు. పరదా కడ్డీ మీదుగా అమ్మడి కొస ఒకటి మా వైపుకి దిగి నాలుగు రోజులైంది. సంగీతం టీచరు తలకి అక్క ముడి చుడుతోంది. కబుర్ల ధ్యాసలో పైనుంచి వేలాడే ఆ కొసని కూడా జుట్టులో కలిపి చుట్టేసి, పిన్నులు గుచ్చేసింది. టీచరు లేచింది. ముడి లేవలేదు. ఆవిడ గొంతు అంత పైస్థాయికి వెళ్తుందని మాకు అప్పటిదాకా తెలియదు.

పిన్నులు తియ్యబోతే ఆవిడ ఇంకా అరుస్తోంది. నేను కనుబొమల బ్లేడు తీసుకుని, ముడికి పైన కణుపు కింద ఒక్క గీత గీశాను. తెగిపోయింది. జానెడు కొమ్మ, నాలుగు ఆకులు. అక్క నా మొహం చూసింది, నేను అక్క మొహం చూశాను. కొమ్మని నా సంచిలో కుక్కేశాను. టీచరు చేత ఒట్టేయించుకున్నాం.

బావ తిరిగొచ్చాడు. చేతులు కడుక్కున్నాడు, మట్టిలో వేలు పెట్టాడు, తలెత్తి చూశాడు. అంతే, కుర్చీలో కూలబడిపోయాడు.

“ఎవరో... ఎవరో కోశారు.”

“ఎలకేమో” అంది అక్క, దువ్వెన కడుగుతూ.

బావ నిచ్చెనేసుకుని ఎక్కాడు. తెగిన చోట ముక్కు ఆనించి చూశాడు. ఇరవై రెండేళ్ళ అనుభవం ఊరికే పోతుందా? “ఎలకా! ఎలక ఇంత నున్నగా కొరుకుతుందా? కత్తెర కూడా కాదు. కత్తెరైతే రెండు పక్కలా నొక్కినట్టుంటుంది. ఇది బ్లేడు, అదీ కొత్తది. ఏటవాలుగా ఎడమనుంచి కుడికి దిగింది. ఎడమచేతివాటం మనిషి.” కాసేపు ఆలోచించి తొడ చరిచాడు. “పెళ్ళికొడుకు వాళ్ళమ్మ! చెప్పి మరీ వెళ్ళింది చూడు!”

నాది ఎడమచెయ్యే. దాన్ని మెల్లగా వెనక్కి దాచుకున్నాను. అప్పటికే వేళ్ళు ఒకటే దురద.

మర్నాడు పెళ్ళికి పిలవకపోయినా బావ బయల్దేరాడు. మమ్మల్నీ తీసుకెళ్ళాడు. వధూవరుల మీద ఆయనకి ధ్యాస లేదు. పెళ్ళికొడుకు తల్లి ఏ చేత్తో ఏం పట్టుకుంటుందా అని, స్తంభం పక్కన నిలబడి ఒకటే కాపలా. ఆవిడ బహుమతులన్నీ రెండు చేతులా తీసుకుంది. బావ పళ్ళు కొరికాడు. “తెలివైంది. దాస్తోంది” అన్నాడు. ఇంతలో ఫోటోగ్రాఫరు అడ్డమొస్తే, ఆవిడ అతని భుజమ్మీద ఒక్క తోపు తోసింది. ఎడమ చేత్తో.

“చూశావా మరదలా!” అంటూ బావ వేదిక వైపు దూసుకెళ్ళాడు. పెళ్ళిలో రభస జరిగితే మా కొట్టుకి ఇంకెవరైనా వస్తారా? నేను పరిగెత్తి చొక్కా పట్టుకుని లాగాను. ఆయన వెనక్కి తిరిగి, చొక్కా పట్టుకున్న నా వేళ్ళ వంక చూశాడు. ఎర్రగా కందిపోయి, గోకిన చారలతో ఉన్నాయి.

“ఏంటవి?”

“దారం కోసుకుంది బావా.”

“దారం కోస్తే గీత పడుతుంది. ఇది గోకుడు.” ఆయన గొంతు తగ్గిపోయింది. “ఏ చెయ్యి ఇది?”

ఆ వేళకి, అక్షింతలు వెయ్యడానికి నిలబడ్డ వరస మమ్మల్ని కూడా తోసుకుంటూ కదిలి, మేం ముగ్గురం వేదిక మీదికి వచ్చేశాం. పెళ్ళికొడుకు ఆశ్చర్యపోయిన మొహంతో మమ్మల్నే చూస్తున్నాడు.

“ఎడమది” అన్నాను.

ఆ ఫోటో వాళ్ళ ఆల్బంలో ఇప్పటికీ ఉంది. కొత్త జంట నవ్వుతూ ఉంటుంది. వెనక మా బావ, సొంత ఇంట్లోనే దొంగ దొరికిన మొహంతో, కళ్ళనిండా నీళ్ళతో ఉంటాడు. పెళ్ళికూతురి తరఫు మనిషి అనుకుని అందరూ జాలిపడ్డారట.

పదహారు రోజులు బావ నాతో మాట్లాడలేదు. ఏం చెప్పాలన్నా అక్క ద్వారానే. నేను ఎదురుగా నిలబడి ఉంటే, “మీ చెల్లెల్ని పక్కకి జరగమను” అనేవాడు. “జరిగానని మీ ఆయనకి చెప్పక్కా” అనేదాన్ని. మా ఇద్దరి మధ్య అక్క పోస్టుమాన్ అయిపోయింది. “ముడిలో చుట్టింది నేనేగా, నాతో కూడా మాట్లాడటం మానెయ్యండి, హాయిగా ఉంటుంది” అని ఒకరోజు నిజం చెప్పేసింది. బావ ఆవిడతో మానెయ్యలేదు. అన్నం ఎవరు పెడతారు?

పదిహేడో రోజు పొద్దున్న, నేను పరదా వెనక పనిలో ఉండగా కేక వినిపించింది.

“మరదలా! మరదలా! ఒకసారి ఇటు రా!” అని, అంతలో గుర్తొచ్చి, “...అని మీ చెల్లెలికి చెప్పు.”

పళ్ళమధ్య దారంతోనే పరిగెత్తాను. నేను కోసిన చోట, ఆ కణుపు పక్కన, చీటీ చుట్టినట్టు రెండు మొలకలు వచ్చాయి. పోయింది ఒకటి, వచ్చినవి రెండు. బావ వాటి వంక, నా ఎడమ చేతి వంక మార్చి మార్చి చూశాడు.

“ఇదెలా?”

“ఎలా ఏంటండీ?” అంది అక్క. “ఇరవై రెండేళ్ళుగా మీరు ఊరంతా చెప్పేదేగా. కత్తిరిస్తే ఒత్తుగా పెరుగుతుందని.”

బావ చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. “ఊరుకోవే, అది మా వృత్తిలో చెప్పుకునే అబద్ధం. జుట్టు ఎంత కోసినా అంతే, ఎన్ని గుండ్లు కొట్టినా అంతే. ఒక్క వెంట్రుక కూడా ఎక్కువ రాదు.”

మొదటి కుర్చీలో ఎవరో మొహం మీద వేడి తువ్వాలు కప్పుకుని పడుకుని ఉన్నారు. ఆ తువ్వాలు కదిలింది.

“ఏంటీ?” అంది తువ్వాలు.

తువ్వాలు జారింది. ట్రాఫిక్ పోలీసాయన! మొహం ఎర్రగా ఉంది, అది ఆవిరి వల్లో కోపం వల్లో చెప్పలేను.

“ఏడు గుండ్లు కొట్టావు కదయ్యా నాకు! ఏడు! మా ఆవిడ పక్కన నడవనంటోంది, మా పిల్లలు బంతి తాతయ్య అంటున్నారు! వెయ్యి హెల్మెట్ల మధ్య నేనొక్కణ్ణే ఎండలో గుండుతో నిలబడి...”

“సార్... సార్... మీ మనసు బాధపడకూడదని...”

ఆయన లేచి నిలబడ్డాడు. మెడకి కట్టిన గుడ్డ ఇంకా అలాగే ఉంది. చెయ్యెత్తి అమ్మణ్ణి చూపించాడు.

“కొయ్యి.”

“సార్!”

“నా నెత్తిన అబద్ధం చెప్పి కోశావు. ఇక్కడ నిజమని తేలింది కదా. ఇప్పుడు కొయ్యి. నా కళ్ళముందు కొయ్యి.”

అక్క కత్తెర తెచ్చి బావ చేతిలో పెట్టింది. సవతి పోరు సగం తీరిపోయినట్టు ఆవిడ మొహం వెలిగిపోతోంది.

బావ అలవాటు కొద్దీ కుండీ చుట్టూ తెల్ల గుడ్డ కట్టాడు. సీసాతో నీళ్ళు చిమ్మాడు. దువ్వెన తీసి, ఏం దువ్వాలో తెలియక మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. వంగి “మీడియమా, షార్టా?” అని చిన్నగా అడిగాడు. కళ్ళు మూసుకుని, కణుపు కింద మొదటి కొమ్మ కోశాడు. పోలీసాయన చౌరస్తాలో నిలబడ్డట్టే నిలబడి, రెండో కొమ్మకి చేత్తో ‘పోనీ’ అన్నాడు. మూడోదానికి కూడా ‘పోనీ’ అన్నాడు. నాలుగోదానికి బావ కళ్ళు తెరిచాడు. పదోదానికి చేతికి పాత వేగం వచ్చేసింది. గడియారం బయటపడింది. రెగ్యులేటరు బయటపడింది, అక్క ఆత్రంగా వెళ్ళి ఫ్యాను ఆపింది. చాన్నాళ్ళకి మొదటిసారి మాకు ఒకరి మాట ఒకరికి సరిగ్గా వినిపించింది.

అప్పుడే బావ ఈల వెయ్యడం మొదలెట్టాడు.

“బావా, చాల్లే!” అన్నాను.

“ఆగు, ఎడమ పక్క కొంచెం ఎక్కువుంది.” చకచక. “ఇప్పుడు కుడి పక్క.” చకచక. “ఊఁ, కొంచెం ఎడమ.”

అక్క అరిచింది. పోలీసాయన రెండు చేతులూ అడ్డం పెట్టాడు. బావకి ఏదీ ఆనలేదు. ఆయన సమానం చేస్తున్నాడు! చివరికి పోలీసాయన జేబులోంచి విజిల్ తీసి గట్టిగా ఊదాడు. బయట వీధిలో రెండు ఆటోలు సడన్ బ్రేకు వేసి ఆగిపోయాయి. లోపల కత్తెర కూడా ఆగింది.

కుండీలో జానెడు మోడు, దానికి మూడు ఆకులు. రెండు పక్కలా సరిసమానంగా ఉంది. దాని వాలకం కూడా కాస్త ఆశ్చర్యపోయినట్టే ఉంది.

బావ గది నిండా పడున్న ఆకుల గుట్టల వంక చూశాడు, కత్తెర వంక చూశాడు. మూలుగుతూ నేలమీద కూర్చుండిపోయాడు. నేనే నర్సరీ ఆవిడకి ఫోన్ చేశాను.

“వేళ్ళు గట్టిగా ఉన్నాయా? అయితే వస్తుంది, భయం లేదు” అందావిడ. “కోసినవాటిని పారెయ్యకండి. ముక్క ముక్కకీ ఒక కణుపుండేలా చూసి నీళ్ళలో పెట్టండి. కణుపు మునగాలి, ఆకు మునగకూడదు. మూడు రోజులకోసారి నీళ్ళు మార్చండి. అవునూ, ఎవరు కోశారు అంత?”

“మా బావ.”

“ఆయనా! తుంచనన్నాడే!”

సాయంత్రానికి నూట నలభై ముక్కలు లెక్క తేలాయి. నురగ గిన్నెలు, మంచినీళ్ళ గ్లాసులు, ఖాళీ షాంపూ సీసాలు, అక్క రంగు కలిపే కప్పులు, నా టిఫిన్ డబ్బా మూత. నీళ్ళు నిలిచేదేదీ మిగల్లేదు. రెండు వారాలకి తెల్లగా దారాల్లాంటి వేళ్ళొచ్చాయి. ఇక పంచడం మొదలైంది. పంచడమా అది! పిల్లనిచ్చే తండ్రి కూడా అన్ని ప్రశ్నలు అడగడు. “మీ ఇంట్లో కిటికీ ఏ పక్కకి సార్? నీళ్ళెవరు పోస్తారు? మీ ఆవిడకి మతిమరుపుందా? పిల్లలు ఆకులు పీకే రకమా? ఎక్కడానికి ఏం పెడతారు?” ఒకాయన కటింగ్ చేయించుకుని, పరీక్షలో తప్పి, ఒట్టి చేతులతో వెళ్ళాడు. మర్నాడు కిటికీ ఫోటో తీసుకొచ్చి చూపించి పట్టుకెళ్ళాడు. పెళ్ళికొడుకు వాళ్ళమ్మకి బావ తనే వెళ్ళి రెండిచ్చి, ఎందుకో చెప్పకుండా క్షమాపణ చెప్పి వచ్చాడు. ఆవిడ రెండు చేతులా తీసుకుందట.

పోలీసాయన తన ముక్కని చౌరస్తాలో గొడుగు కింద పెట్టుకున్నాడు. అది చూసి బావ నడిరోడ్డు మీదే ఆగిపోయాడు. “దుమ్ము సార్! ఎండ సార్! ఆకు తుడిచారా అసలు?” అని ఆయన్ని నిలదీస్తుంటే నాలుగు వైపులా బళ్ళు నిలిచిపోయాయి. ఆయన జేబురుమాలు తీసి ఒక్కొక్క ఆకూ తుడిచేదాకా ఎవర్నీ కదలనివ్వలేదు. ఆ తర్వాత మొక్క పోలీస్‌స్టేషన్ లోపలికి, కిటికీ పక్కకి మారింది. పోలీసాయన జుట్టు కూడా కాస్త పెరిగింది, ఉన్నచోట.

అమ్మడికి నెల తిరక్కుండానే మోడు చుట్టూ అయిదు పిలకలొచ్చాయి. ఇప్పుడు కుండీ మధ్యలో కొబ్బరి పీచు చుట్టిన కర్ర పాతాం. దాని మీదే ఎక్కాలి, గీత దాటితే కత్తెర. ఆ కత్తెర మాత్రం నా చేతికిచ్చారు. బావకి ఇవ్వకూడదని అక్క తీర్మానించింది. నాతో బావ మామూలుగానే మాట్లాడుతున్నాడు, అంటే వెక్కిరిస్తున్నాడన్నమాట.

మాకిప్పుడు మిగిలిన బాధల్లా అద్దాలతోనే. అమ్మడు వేళ్ళు పట్టుకున్న చోటల్లా గాజు మీద గోధుమరంగు మచ్చలు మిగిలిపోయాయి. అక్క సబ్బు పెట్టింది, పాత పేపరుతో రుద్దింది, బ్లేడుతో గీకింది. కొన్ని పోయాయి, కొన్ని మొండికేశాయి. కుర్చీలో కూర్చున్నవాళ్ళు చెంప తుడుచుకుంటారు. మళ్ళీ తుడుచుకుంటారు. “ఈ పుట్టుమచ్చ ఎప్పట్నుంచి ఉంది?” అని ఒకాయన వణికిపోయాడు. “కొంచెం కుడికి జరగండి సార్, పోతుంది” అన్నాడు బావ. ఆయన జరిగాడు. చెంప మీది మచ్చ ముక్కు మీదికొచ్చింది.

ఆయన అక్కణ్ణుంచి నేరుగా చర్మాల డాక్టరు దగ్గరికి పోయాడు. ఇలా వరసగా నలుగురు వెళ్ళేసరికి, ఇదేం సెలూనో చూద్దామని నిన్న ఆ డాక్టరే స్వయంగా వచ్చాడు. బావ మర్యాదగా రెండో కుర్చీలో కూర్చోబెట్టి, గుడ్డ కట్టి, అద్దం సంగతంతా మొదట్నుంచీ వివరంగా చెప్పాడు. డాక్టరు అర్థమైనట్టు తలూపి, గట్టిగా నవ్వి, కటింగ్ అయిపోయాక కూడా లేవకుండా చాలాసేపు అద్దంలోకి చూస్తూ, తన ముక్కుని వేలితో మెల్లగా గోకుతూ కూర్చున్నాడు.